నీలం టేపు మీద ముడి

మా బావకి ఊళ్ళో ఉన్న పేరు నిదానం. అమ్మానాన్నలు పెట్టింది కాదు, బళ్ళవాళ్ళు పెట్టింది. "బండి నిదానం దగ్గర ఇచ్చాను" అని ఎవరైనా అంటే, ఇక వారం దాకా ఆ మనిషి బస్సులో తిరగాల్సిందేనని అందరికీ అర్థమైపోతుంది. బోల్టు విప్పే ముందు దాన్ని గుడ్డతో తుడుస్తాడు. తుడిచి చూస్తాడు. చూసి టీ తాగుతాడు. అప్పటికి పక్కనున్నవాడికి ఒళ్ళు మండిపోతుంది. ఆ పక్కనున్నవాణ్ణి ఇరవై రెండేళ్ళుగా నేనే. ఆయన చేసుకున్నది మా అక్కని. షెడ్డులో వెనకంతా ఆయన పని, ముందు సామాన్ల కౌంటరు నాది.

ఆయనకి రెండు పట్టింపులున్నాయి. బండి జబ్బు కళ్ళారా చూడందే ఒక్క సామాను కూడా మార్చడు. నా కౌంటరు ఈగలు తోలుకుంటోందంటే ఆ పుణ్యం ఆయనదే. రెండోది, తీగలు అతికించే పద్ధతి. అతుకు మీద నీలం టేపు చుట్టి, ఆ పైన మైనం రాసిన దారంతో ముడి వేస్తాడు.

"టేపు చాలదా బావా?" అని ఓసారి అడిగాను.

"వేడికి జిగురు ఊడిపోతుంది రా. ముడి ఊడదు" అన్నాడు.

ఈ ఊళ్ళో ఇంకే మెకానిక్కుకీ అంత ఓపిక లేదు. కాబట్టి ఆ ముడి ఎక్కడ కనబడితే అక్కడ మా బావ చెయ్యి పడిందన్నమాట.

ఇక బండి సంగతి. నీటి సరఫరా ఆఫీసువాళ్ళకి ఒక పాత డీజిల్ జీపు ఉంది. నాలుగు చక్రాలకీ బలం అందే ఫోర్ వీల్ బండి. గుట్ట మీది నీళ్ళ ట్యాంకుకి, నీళ్ళలో కలిపే మందు డ్రమ్ములు చేరవేయడం దాని పని. పందొమ్మిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది ఒక్కడే డ్రైవరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మా ఇద్దరికీ అన్న వరస. పోయినేడు ఓ రోజు, సరిగ్గా ఎత్తు మధ్యలో ఇంజను ఆగిపోయింది. బండి వెనక్కి జారి పంపు గది గోడ కూలగొట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంజను ఆగిందని ఈయన మొత్తుకున్నాడు. నువ్వు కునుకు తీశావని అధికారి అన్నాడు. జీపు మా షెడ్డుకి వచ్చింది, బండిలో లోపమేమీ లేదని మేము కాగితం రాసిచ్చాం. ఆ కాగితం పట్టుకుని ఆయన్ని పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఫైల్లో 'విధి నిర్వహణలో నిద్ర' అని రాశారు.

తర్వాత కూడా ఆ జీపు అప్పుడప్పుడూ ఆగుతూనే ఉంది. ఆగిన ఐదు నిమిషాలకి ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఆయన లేని రోజుల్లో మిగతా డ్రైవర్లు నడిపితే మాత్రం ఒక్కసారీ ఆగలేదు. పోయిన వారం మళ్ళీ వెనక్కి జారి, వెనక చక్రం కాలవలో పడింది. శుక్రవారం లోపు రిపోర్టు కావాలి, ఈసారీ బండి బాగానే ఉందంటే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తామని అధికారి తేల్చి చెప్పాడు.

సోమవారం పొద్దున్న ఆ జీపుని డ్రైవరన్నే తోలుకొచ్చాడు. దిగి, తాళం చేతిలో పెట్టి, బావని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మేస్త్రీ, నిజం చెప్పు. మనిషి కళ్ళు తెరుచుకునే నిద్రపోగలడా?"

బావ గుడ్డ తీసుకుని బానెట్టు తుడవడం మొదలుపెట్టాడు.

సోమ, మంగళ రెండు రోజులూ డీజిల్ దారి అంతా వెతికాడు. ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు, పంపు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. బుధవారం డ్రైవరన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఆరుసార్లు గుట్ట ఎక్కించాడు. జీపు బుద్ధిగా ఎక్కి బుద్ధిగా దిగింది. నాకు తిక్క రేగింది.

"మూడు రోజులైంది బావా! ఆ డీజిల్ పంపు మార్చి పారేయ్. లోపం ఉందని రాసెయ్. అన్న గట్టెక్కుతాడు."

"లేని జబ్బుకి మందిస్తే ఉన్న జబ్బు పోదు కదరా. రేపు మళ్ళీ ఆగితే?" అని, డ్రైవరన్న వైపు తిరిగాడు. "మిగతావాళ్ళు ఎలా ఎక్కిస్తారన్నా?"

"టూ వీల్లోనే, ఊపు మీద ఎక్కించేస్తారు కుర్ర వెధవలు. డ్రమ్ములు దొర్లిపోవూ? నేనైతే గుట్ట మొదట్లోనే చిన్న లివరు ముందుకి తోసి ఫోర్ వీల్లో వేసేస్తాను. అడుగులో అడుగేసుకుంటూ వెళ్తాను."

"డ్రమ్ములు..." అన్నాడు బావ. అని టీ తాగాడు.

గురువారం నాలుగు డ్రమ్ముల నిండా నీళ్ళు పోయించి జీపు ఎక్కించాడు. డీజిల్ పంపుకి కరెంటు మోసే సన్న తీగ ఒకటుంటుంది. ఆ కరెంటు పోయిందా, పంపు మూసుకుని ఇంజను చచ్చిపోతుంది. ఆ తీగకి చిన్న బల్బు తగిలించి, కళ్ళెదురుగా అద్దం దగ్గర పెట్టుకున్నాడు. డ్రైవరన్న స్టీరింగు దగ్గర, బావ పక్కన, నేను వెనకాల డ్రమ్ములతో పాటు రెండు బండరాళ్ళు ఒళ్ళో పెట్టుకుని.

మూడో మలుపు దగ్గర బల్బు ఆరింది. ఇంజను ఆగింది. అన్న బ్రేకు మీద నిలబడ్డాడు, ఎడం చెయ్యి లివరు మీదకి వెళ్ళింది.

"చెయ్యి తియ్యన్నా! లివరు ముట్టుకోకు!"

ఇరవై రెండేళ్ళలో మా బావ గొంతు పెంచగా వినడం అదే మొదటిసారి. నేను దూకి చక్రాల వెనక రాళ్ళు పెట్టాను.

"ప్రతిసారీ ఇంతే కదా నేను చేసేది. లివరు వెనక్కి లాక్కుని తాళం తిప్పితే స్టార్టవుతుంది" అన్నాడు అన్న, ఆయాసపడుతూ.

"అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు" అన్నాడు బావ.

లివరు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు పైకెత్తి టార్చి వేశాడు. లోపలికి వేలు పెట్టి ఏదో కదిపాడు. బల్బు వెలిగింది. వేలు తీశాడు. ఆరింది. మళ్ళీ కదిపాడు, వెలిగింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. బావ మాత్రం టార్చి అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఏముందా అని నేనూ వంగి చూశాను.

నీలం టేపు. దాని మీద దారం ముడి.

పద్నాలుగు నెలల కిందట ఆ జీపు క్లచ్ పనికి మా షెడ్డుకే వచ్చింది. గేరుబాక్సు దించేటప్పుడు ఆ తీగ తెగితే బావే అతికించాడు. లివరు పక్కనున్న రేకు వెనక నుంచి పోవాల్సిన తీగని ముందు నుంచి, బిగుతుగా కట్టేశాడు. బరువు మీద ఇంజను ఒరిగి, లివరు పూర్తిగా ముందుకి ఉంటే ఆ తీగ లాగబడుతుంది. లోపల తెగిన పోగులు విడిపోతాయి. లివరు వెనక్కి లాగితే మళ్ళీ కలుసుకుంటాయి. గోడ కూలింది ఆ క్లచ్ పని అయిన రెండు నెలలకే.

మరి అప్పుడెందుకు కనిపెట్టలేదంటారా? ఆ పాపం నాది. గోడ కూలాక జీపు వచ్చిన రోజు మధ్యాహ్నం రెండైంది. అక్క పంపిన క్యారియరు బల్ల మీదుంది. నాకు ఆకలి దంచేస్తోంది. ఆఫీసు మనిషి కాగితం కోసం నిలబడి ఉన్నాడు. "ఖాళీ బండేగా, రోడ్డు మీద రెండు చుట్లు తిప్పి సంతకం పెట్టెయ్ బావా, తినాలి" అని చెవిలో జోరీగలా రొద పెట్టాను. ఆయన జన్మలో ఒక్కసారి తొందరపడ్డాడు. అదీ నా పోరు పడలేక. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

అన్న ముందు చక్రం దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. నేను బావ చెవి దగ్గర చేరాను.

"ఆ దారం తెంపెయ్. ఎలక కొరికిందని రాయి. అన్న ఉద్యోగం నిలబడుతుంది, మన పేరూ నిలబడుతుంది."

"ఎలక ఈ వారం కొరికిందంటే, పోయినేడు అన్న నిద్రపోయినట్టేగా?"



బావ దిగి వెళ్ళి, అన్న ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు నాదన్నా, తీగా నేనే కట్టాను, సరిగ్గా చూడకుండా కాగితమూ నేనే ఇచ్చాను అన్నాడు. కాలరు పట్టుకుంటాడని నేను అడ్డం వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను. అన్న పట్టుకోలేదు. లోపలికి తొంగి ఆ ముడిని చూశాడు. లివరుని చూశాడు.

"అయితే నేను నిద్రపోలేదు" అన్నాడు.

"లేదన్నా."

"నిద్రపోలేదు" అని తనలో తను ఇంకోసారి అనుకున్నాడు. "ఏడాదిగా మా ఆవిడ తొమ్మిదింటికే దీపం ఆర్పేసి పడుకోబెడుతోంది. మనవరాల్ని నా స్కూటరు ఎక్కనివ్వడం మానేసింది మా కోడలు. నేనూ గట్టిగా అడగలేదు. ఏమో, నిజంగానే కునుకు పట్టిందేమో, పిల్ల వెనకాల ఉండగా మళ్ళీ పడితే?" రబ్బరు తొడుగు మళ్ళీ కిందికి దించాడు. "ఇవాళ దాన్ని బాగుచెయ్యకు మేస్త్రీ. రేపు మా ఆవిణ్ణి తీసుకొస్తాను."

ఆ సాయంత్రమే బావ రిపోర్టు రాసి తీసుకెళ్ళాడు. అధికారి రెండుసార్లు చదివాడు.

"మీ తప్పని మీరే రాసిచ్చారు. ఇక మా బళ్ళు మీ షెడ్డుకి పంపడం కుదరదు, తెలుసుగా?"

"తెలుసండి. ఈ రిపోర్టుని ఆ పాత కాగితం మీదే గుచ్చండి, ఆయన ఫైల్లో. గుచ్చేదాకా ఉంటాను."

నిజంగానే ఉన్నాడు, చేతులు కట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు. అధికారికి విసుగొచ్చి, గుండుసూది తెప్పించి తనే గుచ్చాడు. ఈ జీపు వెళ్ళిపోయాక, అధికారి చెప్పినట్టుగానే ఆ ఆఫీసు బళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు, బావతో మాత్రం మామూలుగానే ఉంది.

శుక్రవారం పొద్దున్న అదే జీపు, అవే డ్రమ్ములు. ఈసారి ముందు సీట్లో అన్న భార్య. నేను రాళ్ళతో మూడో మలుపు దగ్గర నిలబడ్డాను. ఇంజను సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది. నేను రాళ్ళు పెట్టి తలెత్తేసరికి ఆవిడ రోడ్డు చూడటం లేదు, తీగ చూడటం లేదు. భర్త కళ్ళవైపే చూస్తోంది.

వెనకనుంచి బావ దిగి వచ్చి తొడుగు ఎత్తి చూపించాడు.

"ఈ ముడి ఎవరిది?" అంది.

"నాదేనమ్మా."

"ఏడాది పాటు ఈ మనిషి నాకోసం నిద్ర నటించాడు బాబూ. పట్టక గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాకు తెలుసు." తిడితే బాగుండుననిపించింది. ఆవిడ భర్త వైపు తిరిగింది. "సోమవారం నుంచి పిల్లని బడికి మీరే దింపండి. కోడలికి నేను చెప్తాను."

అన్న స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చాక బావ ఆ దారం తెంపి, తీగ మార్చి, రేకు వెనకనుంచి వదులుగా పోనిచ్చి, నీలం టేపు చుట్టాడు. మైనం దారం తీశాడు. ముడి వేసే ముందు తుడిచాడు, చూశాడు, టీ తాగాడు. అక్క పంపిన క్యారియరు బల్ల మీద చల్లారిపోతోంది. మూడు దాటినా నేను ఆకలని అనలేదు.