మాస్టారు చెప్పబోయిన మాట

మా మాస్టారు పోయారు. బుధవారం, మస్కట్‌కి దూరంగా రుస్తాఖ్‌లో మా కంపెనీ సైట్‌లో లారీ నుంచి టైల్స్ దింపిస్తుంటే అక్క మెసేజ్ వచ్చింది: "నాన్న ప్రభువునందు నిద్రించారు." అక్క అంటే మాస్టారి అమ్మాయి, మస్కట్‌లో నర్సు. ఆమెను చూడ్డానికి విజిట్ వీసా మీద వచ్చిన మనిషి, ఇక్కడే పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, మస్కట్‌లోనే బౌషర్ ఆసుపత్రిలో కన్నుమూశారు. మాట పడిపోవడం ఆయనకే జరగాలా అని నాకు దేవుడి మీద కోపంగానే ఉంది.

ఎందుకంటే మాకు మాట్లాడడం నేర్పింది ఆయనే. గోదావరి పక్కన, గట్టిగా పాతికమంది కూడా లేని చిన్న క్రైస్తవ కళాశాల మాది. పొద్దున దైవశాస్త్రం, మధ్యాహ్నం ప్రసంగం, సాయంత్రం నాటకం. మూడూ ఆయనే చెప్పేవారు. పాఠానికి ముందు లవంగం బుగ్గన పెట్టుకునేవారు. అది నమలడం అయ్యేదాకా క్లాసంతా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ప్రసంగంలో మేం గొంతు చించుకుంటే, "ఎందుకురా ఆ కేకలు? దేవుడికేం చెవుడు లేదు" అనేవారు.

క్రిస్మస్ నాటకానికి తెర వెనక నిలబడి మాటలు అందించేది కూడా ఆయనే. ఒక ఏడు నాది సత్రం యజమాని వేషం. జనాన్ని చూసేసరికి నా పోర్షన్ మొత్తం ఎగిరిపోయింది. ఆయన ఒక్క మాట అందించి ఊరుకున్నారు. జనం నవ్వుతున్నా రెండో మాట అందించలేదు. చివరికి నాకే గుర్తొచ్చింది. తర్వాత ఉడుక్కుంటూ అడిగితే, "అంతా నేనే అందిస్తే అది నా మాటవుతుందిరా. ఎవడి మాట వాడి నోటనే రావాలి. అందించేవాడు ఆగాలి" అన్నారు.

నేను పాస్టర్ని కాలేదు, కంపెనీలో స్టోర్‌కీపర్నయ్యాను. మాస్టారు ఫోన్ చేసినప్పుడల్లా, టైల్స్‌కైనా అర్థమయ్యేలా మాట్లాడుతున్నావా అని ఆటపట్టించేవారు.

పోయిన శుక్రవారం చర్చి కూడిక మానేసి బౌషర్ వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన పెదవులు కదిలాయి. శబ్దం లేదు. మళ్ళీ మళ్ళీ అదే కదలిక. నీళ్ళా, ఇంటికి వెళ్దామా, ప్రార్థన చెయ్యమంటారా అని అక్క ఒకదాని తర్వాత ఒకటి అందిస్తూనే ఉంది. ఆయన విసుగ్గా కళ్ళు మూసుకున్నారు. నేను మాత్రం ఏమీ అందించలేదు. చెయ్యి పట్టుకుని, ఆయన నేర్పినట్టే ఆగాను. బయటివాళ్ళు వెళ్ళిపోవాలని వార్డు సిస్టర్ వచ్చి చెప్పేదాకా ఆగాను. మాట రాలేదు. మెట్లు దిగుతూ ఏడ్చాను. నాకు అన్ని మాటలు ఇచ్చిన మనిషికి ఒక్క మాట ఇవ్వలేకపోయాను. ఆగడం మంచిదైందో కాదో కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఎవర్ని అడగాలి?

నిన్న, ఆయన్ను ఊరికి పంపే కాగితాల కోసం కార్గో ఆఫీసులో బెంచీ మీద కూర్చున్నాం.

"నాన్న ఏం చెప్పబోయారో నీకేమైనా అర్థమైందా తమ్ముడూ?" అని అక్క అడిగింది.

"లేదక్కా."

ఆమె నా వైపు తిరిగింది. తర్వాత, శబ్దం లేకుండా, అచ్చం ఆయనలాగే పెదవులు కదిపింది. ఇంకోసారి కదిపి, "ఇలాగే కదా?" అంది.

"ఇలాగే."

కౌంటర్లో మా నంబరు పిలిచారు. అక్క లేవలేదు. పెదవులు కదుపుతూనే ఉంది.