మూడో రంగం కోసం ప్రార్థన

మూకుట్లో రాళ్లుప్పు చిటపటలాడుతూ వేగే వాసన వస్తే, నొప్పి కంటే ముందు నాకు ఎస్తేరమ్మ అత్త గుర్తుకొస్తుంది. ఈ ఉదయం కూడా అంతే. పిడికిలి బిగించడానికి వేళ్లు ఒప్పుకోక, వేడి ఉప్పు గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాను. రాయాల్సిన కథ బల్ల మీద ఉంది. 'ఉండనీలే, యాడికీ పోదు' అనేది ఆవిడ. ఆ నిబ్బరం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

కావలిలో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆవిడ బడిలో టీచరుగా చేసేది. కీళ్లవాతం వచ్చి సుద్దముక్క పట్టుకోలేక ఉద్యోగం మానేసింది గానీ, వాళ్ల చర్చికి ఏటేటా క్రిస్మస్ నాటకం రాయడం మాత్రం మానలేదు. ఆ నాటకాల్లో గొర్రెల కాపరులు అచ్చమైన నెల్లూరు మాటల్లో పోట్లాడుకునేవారు. నిండు గర్భిణికి చోటు లేదంటూ సత్రం యజమాని బస్టాండు ఎదుటి లాడ్జీవాడిలా కసురుకునేవాడు. పాస్టరు గారు ముందు మొహం చిట్లించి, ఆనక అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వేవారు.

నా డిగ్రీ అయిన ఏడే నాకూ అదే జబ్బు పట్టుకుంది. అప్పటికే రెండు కథలు అచ్చయి, కాళ్లు నేల మీద ఆనడం లేదు. జబ్బుకు మూలమేమిటో అమ్మ ఇట్టే తేల్చేసింది.

"రాసీ రాసీ వేళ్లు వాచినాయి. డాక్టరు చెప్పేదేంది, నాకు కనపడటం లా?" అని నా కాగితాలన్నీ అటకెక్కించింది. ఆమె మొక్కని దేవుడు లేడు. నాకేమో వేళ్లతో పాటు కథలు కూడా పోతాయేమోనని భయం, ఏడుపు. ఆ భయం అమ్మకు చెబితే అర్థం కాదనిపించేది.

ఒక శుక్రవారం ఎస్తేరమ్మ అత్త ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. దేవుడెవరైతేనేం, బిడ్డకు బాగైతే చాలనుకుని అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పాస్టరు గారు ఒక్కొక్కరి మనవీ అడుగుతూ అత్త దగ్గరికి వచ్చారు.

"స్వస్థత కోసం ప్రార్థన చేద్దామా, అమ్మా?"

"నా చేతులు ఆయన ఎప్పుడో చూసినాడు లెండి. ఇన్నేళ్లూ అదే అడగతా ఉంటే ఆయనకు మాత్రం విసుగు పుట్టదా? నాటకంలో మూడో రంగం ఎంతకీ కదలడం లా. దానికోసం చెయ్యండి."

పాస్టరు గారు కాస్త తడబడ్డారు. తర్వాత కళ్లు మూసుకుని, నిజంగానే మూడో రంగం కోసం ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నాక అత్త నా వైపు చూపించింది.

"ఈ పిల్ల కతక్కూడా చెయ్యండి. సగంలో ఆగిపోయి ఉండాది."

"కతకి కాదు వదినా, వేళ్లకి," అంది అమ్మ కంగారుగా.

"వేళ్లకు నువ్వు మొక్కుకుంటానే ఉండావు గదా. కతకు ఎవురు మొక్కుతారు?"

మర్నాడు అమ్మే కాగితాలు అటక దించింది.

ఆ తర్వాత రోజూ వాళ్లింటికి పోయేదాన్ని. పొద్దున వేళ్లు కదలవు కాబట్టి అత్త తన పాత్రలన్నిటి మాటలూ నోటితోనే పలికి చూసుకునేది. ఎండ ముదిరాక, పట్టు దొరికేందుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన పెన్నుతో రాసేది. నొప్పి లేదు గదా అని నేనొకరోజు పొద్దుగూకేదాకా రాసి, వారం పాటు మంచానికి అతుక్కుపోయాను. చూడటానికొచ్చి అత్త నా తల నిమిరింది.

"బాగలేని రోజు ఎవురైనా ఆపతారు మే. బాగుండే రోజు ఆపేదే కష్టం. ఇంకో మాట మిగిలుండంగానే లేచిపో. రేపు నిన్ను లేపేదానికి అదొకటుండాల."

నాకు కోపమొచ్చింది. దొరక్క దొరక్క దొరికిన మంచిరోజుని కూడా పొదుపు చెయ్యమంటే ఎవరికి రాదు? ఆ మాట ఒంటపట్టడానికి ఏళ్లు పట్టింది.

ఆవిడను చివరిసారి చూసింది నెల్లూరు ఆసుపత్రిలో. అత్త మంచం పక్కన అమ్మ కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. వచ్చినవాళ్లందరూ నొప్పి గురించే అడిగి వెళ్తున్నారు. నేనూ అదే అడగబోయి, ఆ అలిసిన మొహం చూసి ఆగాను.

"ఏం రాస్తున్నావత్తా?"

ఆవిడ కళ్లలోకి వెలుగొచ్చింది. "సత్రమోడికి పెళ్లాం ఉండదా మే? నిండు చూలాలిని గొడ్లపాకకు పంపినందుకు, ఆ రాత్రి వాడికి కూడు పెట్టిందంటావా?" అని మొదలుపెట్టి, నర్సు వచ్చి కసిరేదాకా ఆ మొగుడూ పెళ్లాల పోట్లాట చెబుతూనే ఉంది. అమ్మ ఒలిచిన తొనలు చేతిలోనే పెట్టుకుని వింది. ఆ నాటకం కాగితం మీదికి రాలేదు.

ఆవిడ పోయాక నన్ను నా రాతల గురించి అడిగేవాళ్లు లేరనుకున్నాను. మొన్న అమ్మ ఫోన్ చేసింది. మాత్రలు, వాపు, నిద్ర, అన్నీ అడగడం అయింది. ఇక పెట్టేస్తుందనుకుంటే, "ఏం రాస్తా ఉండావు?" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, కథ మొదటినుంచీ చెప్పాను.