బోర్లేసిన పడవ కింద

దయ్యాలంటె నాకు నమ్మకం లేదు. వడ్లపని, కట్టెపని చేసేటోన్ని. ఎందరి పాడెకో కట్టెలు కొట్టిచ్చిన. కాటి పక్కనున్న తుమ్మలు నరికి నాగళ్లు చేసిన. ఏనాడు ఏదీ కనపడలే, ఏదీ వినపడలే. ఈ ఒక్క సంగతి తప్ప. నాకిప్పుడు చూపు ఆనుతలేదు. నేను చెప్తుంటె నా మనుమరాలు రాస్తున్నది.

మాది నర్సింహులపేట దిక్కు ఒక ఊరు. మా దొరకు చెరువుల ఒక షికారు పడవ ఉండె. చేపలు పట్టేది కాదు. పట్నం నుంచి చుట్టాలొస్తే పొద్దుమీకి తిరగనీకి, బాతులు కొట్టనీకి. పన్నెండు మూరల పొడుగు, టేకు పలకలు. ఏటా శివరాత్రి దాటినంక దాన్ని ఒడ్డుకు గుంజి, బోర్లేసి, గీకి, సందులు పూడ్చి, డాంబర్ పూసుడు మా ఇంటి వెట్టి. మా నాయిన చేసిండు, తర్వాత నేను చేసిన.

దొరల మీద తిరగబడ్డ సంఘం జోరు మీదున్నప్పుడు దొర గడి ఇడిసి హైదరాబాద్ పోయిండు. పడవ రెండేండ్లు ఒడ్డు మీదనే బోర్ల పడి ఉండె. మిలట్రీ వచ్చినంక దొర వాళ్ల ఎనుకనే తిరిగొచ్చిండు. చెరువు నీళ్లు పొర్లే మత్తడి పక్కన డేరాలు పడ్డయి. సంఘపోళ్లు అడవి పట్టిండ్రు. వాళ్లొచ్చినప్పుడు అన్నం పెట్టుడు మేమే, తెల్లారినంక మిలట్రీ ముందు చేతులు కట్టుకొని నిలబడుడు మేమే. మాకు నిద్ర లేదు. ఊరంత అలిసిపోయి ఉండె. ఎవరు గెలుస్తరని అడిగే ఓపిక గూడ పోయింది.

అసొంటి ఎండకాలం మొదట్ల గడి గుమాస్త మా ఇంటికొచ్చి, "క్యాంపు ఆఫీసరుకు షికారంట. అయిదు రోజులల్ల పడవ నీళ్ల మీద ఉండాలె" అన్నడు.

నేను, నా పెండ్లాం లచ్చమ్మ పోయినం. పడవ ఎట్ల ఉన్నదంటె, దాని అంచులు నేలకు ఆనుకొని ఉన్నయి. ఒక్కకాడ కింద రాయి ఉండి బెత్తెడు సందు. ముక్కు దిక్కు తుంగల నక్కలు తవ్విన బొంద ఒకటి. మీద రెండేండ్ల బురద, పిట్టల రెట్ట. మొదటి దినమంత గీకుడే అయింది. లచ్చమ్మ నీళ్లు మోసుకొచ్చి కొబ్బరిపీచుతోని రుద్దింది, నేను బాడిసతోని పాత డాంబర్ చెక్కిన.

రెండో దినం సందులు పూడ్చుడు మొదలు పెట్టిన. జనపనారను నూనె గుగ్గిలంల ముంచి, పలకల నడుమ పెట్టి, ఉలి మీద కొడతితోని కొట్టుకుంట పోవాలె. పొద్దు నెత్తికొచ్చింది. నేను రెండు దెబ్బలు కొట్టి ఉలి జరుపుతున్న. లోపలినుంచి రెండు దెబ్బలు.

దెబ్బకు పలక మోగుతున్నదనుకున్న. మల్ల మూడు కొట్టి ఆగిన. ఒక ఊపిరి తీసి ఇడిసేంత సేపు ఏం లేదు. తర్వాత మూడు. కట్టె ఎండకు చిట్లినట్టు కాదు, ఏలు మడిచి తలుపు కొట్టినట్టు.

లచ్చమ్మ నా మొకం చూసింది. ఆమె గూడ విన్నది.

మాకు దయ్యం యాదికే రాలే. ఇద్దరికీ ఒక్కటే తోచింది. ఎవరో సంఘపు మనిషి మిలట్రీకి జడిసి లోపల దాక్కున్నడు. నక్కల బొందలనుంచి దూరి ఉంటడు. కట్ట మీద తుపాకి పట్టుకొని సంత్రీ మమ్మల్నే చూస్తున్నడు. వంగి చూస్తె పట్టిచ్చినట్టే. నేను ఊకనే పని చేసుకుంట పోయిన. ఉలి రెండుసార్లు జారింది.

మా సద్దిల రెండు జొన్నరొట్టెలుండె. లచ్చమ్మ ఒకటి గుడ్డల మూటగట్టి, పీచు కడుగుతున్నట్టు కూసొని, రాయికాడి సందులకు నూకింది. సొరకాయ బుర్రల నీళ్లు గూడ పెట్టింది. మరునాడు పొద్దుగాల నేను సందుల చెయ్యి పెట్టి తడిమిన. మూట లేదు, బుర్ర లేదు. పానం జర కుదుటపడ్డది. తిన్నడు అనుకున్న.

మూడో దినం నేను దూరంగ పొయ్యి మీద గుగ్గిలం కాస్తున్న. లచ్చమ్మ ఇంకో మూట నూకి నా దగ్గరికొచ్చింది. పెదవులు తెల్లబడ్డయి.

"ఆడిమనిషయ్యా" అన్నది. "మాట్లాడింది."

"ఏమన్నది?"

"ఎండ దిగిందా అక్కా, అని అడిగింది."

పాపడాలు కాలేటట్టున్న ఎండల ఆ పడవ కింద మనిషి ఎట్ల ఓర్చుకుంటున్నదని మేము మాట్లాడుకున్నం. పనిల పడి ఆ మాట గూడ మరిచినం. నాలుగో దినం గూడ లచ్చమ్మ ఒక మూట నూకింది. పగటీలి నేను ముక్కుకాడ ఆఖరు సందు పూడుస్తున్న. నా కడుపుకు ఎదురుంగ, పలకకు ఆవలినుంచి, దగ్గరగ, ఎండిన గొంతు.

"అన్నా, ఎండ దిగిందా?"

"ఇంక లేదు చెల్లె" అన్న, పెదవులు కదిలిచ్చకుంట. "జర ఓర్చుకో."

ఆ సాయంత్రమే గుమాస్త వచ్చి పలకలు తట్టి చూసి, "రేపు పొద్దుగాల మనుషులను పంపుత, తిప్పుండ్రి" అని పోయిండు. నేను డాంబర్ పూసుకుంటనే పడవతోని చెప్పినట్టు చెప్పిన. "చెల్లె, రేపు ఇది లేపుతరు. చీకటి పడంగనే ఎటన్న పో. తుంగల పడి పోతె తండా దిక్కు దారి." లోపలినుంచి ఒక్క దెబ్బ వినపడ్డది. అర్థమైందన్నట్టు.

తెల్లారి నేనే అందరికన్న ముందు పోయిన. వెళ్లిపోయే ఉంటదనే ధైర్యం. అయినా ఏలు మడిచి మెల్లగ ఒకసారి కొట్టిన.

ఒక్క దెబ్బ తిరిగొచ్చింది.

అప్పటికే కట్ట దిగి మనుషులొస్తున్నరు. పది మంది వెట్టోళ్లు, ఎనుక జమేదారు, ముగ్గురు తుపాకులోళ్లు. డాంబర్ ఇంక పచ్చిగున్నది, ఒక దినం ఆగాలె అన్న. గుమాస్త బొటనేలు పెట్టి ఒత్తి చూసి, "ఎండింది గదరా" అన్నడు. పడవ జారి మీద పడతది, మీరు దూరం జరుగుండ్రి దొరా అని జమేదారుకు చెప్పిన. ఆయన నాలుగడుగులు ఎనుకకు పోయిండు. ఆ నాలుగడుగుల్లనే ఆమె లేచి తుంగలకు ఉరుకుతదేమో, నడుమ నేను అడ్డం నిలబడితె మొదటి గుండు నాకే తగుల్తదేమో. అంతకంటె ఏం ఆలోచన చేసే శక్తి లేదు. తుపాకుల దిక్కు ఈపు పెట్టి నిలబడ్డ. లచ్చమ్మ ఎందుకో నా పక్కకొచ్చి నిలబడ్డది. పొమ్మంటె పోలే.

హయ్య అని లేపిండ్రు. పడవ పక్కకు ఒరిగి ఎల్లకిల పడ్డది.

కింద ఎవరూ లేరు.

తెల్లటి మన్ను. రెండేండ్ల నుంచి గాలి తగలని మెత్తటి మన్ను. దాని మీద ఒక్క అడుగు లేదు, పండుకున్న గుర్తు లేదు. నక్కల బొంద మూరెడు పోయి బండకు తగిలి ఆగింది, పిల్లి గూడ దూరదు. పడవ లోపల ఆ అంచు నుంచి ఈ అంచుకు సాలెగూళ్లు ఎక్కడివక్కడనే ఉన్నయి. నడిమిట్ల, నా చెయ్యి ఎంత చాచినా అందనంత దూరంల, మా మూటలు. మూడు రొట్టెమూటలు, ఒకదాని పక్కన ఒకటి. ముడి ఇప్పలే. ఒక్క చీమ లేదు. బుర్ర నిలబెట్టి ఉన్నది, బిరడా పెట్టినట్టే ఉన్నది. లోపల సుక్క నీళ్లు లేవు.

జమేదారు కోస్తా మనిషి. మూటను బూటుతోని కదిలిచ్చి, "ఏంటిది? ఎవడికి పెట్టావు?" అని తుపాకి మడమతోని నా బుజం మీద కొట్టిండు. నేను మోకాళ్ల మీద పడ్డ.

లచ్చమ్మ ముందటికి పోయింది. "గంగమ్మకు అయ్యా. పడవ నీళ్లల్ల దిగేముందు సద్ది పెడ్తం, మాకు అలవాటు" అన్నది. ఆ అలవాటు మా ఊళ్లె ఎవరికీ లేదు. వెట్టోళ్లు పది మందికీ తెలుసు. ఒక్కడు నోరు మెదపలే.

జమేదారు వంగి మన్ను చూసిండు, సాలెగూళ్లు చూసిండు. మనిషి ఉన్న జాడ ఆయనకూ దొరకలే. "అయితే వేయి గంగమ్మకి" అన్నడు. ఆయన చూస్తుండంగ లచ్చమ్మ మూడు మూటలు చెరువుల ఏసింది. ముడి ఇప్పి చూసుకునే వీలు గూడ లేకపాయె.

ఆ దినం పడవ నీళ్లల్ల దిగింది. సుక్క నీళ్లు లోపలికి రాలే. ఆఫీసరు షికారు చేసిండు, బాతులు కొట్టిండు, ఏం కాలే. తర్వాత రెండేండ్లు అదే పడవను నేనే బోర్లేసి గీకిన. ఒక్క చప్పుడు రాలే. ఇప్పటికీ చలికాలం నా బుజం గుంజుతది.

పోరాటం ఆగినంక అడవిల నుంచి వచ్చినోళ్లల్ల ఒకన్ని అడిగిన. మా చెరువు దిక్కు మీ మనిషి, ఆడామె, ఎవరన్న తప్పిపోయిందా అని. ఆయన "ఎంతమందో పోయిండ్రన్నా. ఎవరు ఎక్కడ పోయిండ్రో మాకే లెక్క తెల్వదు" అన్నడు. మల్ల అడగలే. ఆయన గూడ నా లెక్కనే అలిసిపోయి ఉన్నడు.

లచ్చమ్మ చచ్చిపోయేదాక ఒక్కటే మాట. "ఆమె ఉండె. నాతోని మాట్లాడింది." నేను ఇద్దరి చెవులు ఒక్కతీరు ఎట్ల మోసపోతయో చెప్పలేను, సాలెగూడు తెగకుంట మూట నడిమిట్లకు ఎట్ల పోయిందో చెప్పలేను. దయ్యమని ఇప్పటికీ అనబుద్ది కాదు. దప్పికైన మనిషిని దయ్యమనుడు ఎట్ల?

ఆ దినాలల్ల దాక్కున్నోళ్ల పేరు అడగకపొయ్యేది. తెలిస్తె దెబ్బలకు నోరు జారుతదని. అందుకే నాలుగు దినాలు నేను ఆమె పేరు అడగలే.