అరవై రెండు మెట్ల మీద తెగిన వాక్యం

కంచరపాలెంలో ఆశాజ్యోతి గురించి చెప్పేవాళ్లు కాస్త కలిపే చెబుతారు. ఆమె కన్నెర్ర చేస్తే కంప్యూటర్లో అక్షరాలు రేషన్ షాపు ముందు జనంలా వరస కడతాయనీ, ఒకసారి పెళ్లి శుభలేఖ మొత్తాన్ని అగ్గిపెట్టె మీద పట్టించిందనీ అంటారు. అగ్గిపెట్టె సంగతి శుద్ధ అబద్ధం. అది సబ్బుపెట్టె. మిగతాదంతా నిజమే.

ఆమె పని గాజువాకలో టిఫిన్ హోటల్ పైన, గంగాధరరావు నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో. తెర మీద ఏ మాట ఎక్కడుండాలో, మాటలుండే గడి చాలకపోతే వాక్యం ఏ మాట దగ్గర విరిగి కింది వరసలోకి దిగాలో చూసుకుంటుంది. అదీ ఒక పనేనా అని నవ్వినవాళ్లున్నారు. ఇప్పుడు నవ్వరు.

ఆ ఆఫీసు ఒక ప్రైవేటు ఇనుప యార్డుకి క్రేను క్యాబిన్లలో పెట్టే తెరలు చేసిచ్చింది. తెర వచ్చాక, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు ఆపాలో కింద నుంచి ఈల ఊది చెప్పే మనిషిని తీసేశారు. కింది గ్యాంగు కబురు టైపు చేస్తే పైన ఆపరేటరు చదువుకోవాలి. నెల తిరక్కుండానే పైడయ్య అనే ఆపరేటరుకి మెమో వచ్చింది. "ఆగండి" అని కబురు పంపినా, మనిషి కింద ఉండగానే సరుకు ఎత్తేశాడట. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఇరవయ్యారేళ్లుగా కూర్చున్న సీటు పోయేలా ఉంది. ఆశాజ్యోతి యార్డుకి వెళ్లిన రోజే పదకొండు గంటలకి విచారణ. తెర మీద ఆ మాట లేనే లేదని పైడయ్య మొత్తుకుంటున్నాడు.

"మన కంప్యూటర్లో బానే ఉంది కదేటి," అన్నాడు గంగాధరరావు ఆమెను పంపుతూ. "ఏటన్నా ఉంటే గుట్టుగా సరిసేసి వచ్చీ. తప్పు మనదని మాత్రం అనకు."

ఆశాజ్యోతి అరవై రెండు ఇనప మెట్లూ ఎక్కేసరికి పైడయ్య క్యాబిన్లో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటిన కళ్లు కదా, అక్షరాలు ఒకటిన్నర రెట్లు పెంచుకున్నాడు. గంగాధరరావు ఆఫీసులో అందరూ పాతికేళ్ల కళ్లతో చిన్న అక్షరాలే చూసుకున్నారు. ఆ రోజు కబురు ఆమె మళ్లీ రప్పించింది. తెర మీద "కొక్కెం తగిలించాం" అని వచ్చింది. అంతే. "పైపుల వెనక ఇంకా మనిషి ఉన్నాడు, ఆగండి" అన్నది గడి గోడ అవతలే ఉండిపోయింది.

ఆ గడికి కొలతలు పెట్టింది తనే.

"సూసేవా తల్లీ, నాను గుడ్డోణ్నా?" అన్నాడు పైడయ్య.

సరిచేయడానికి ఆమె చెయ్యి వెళ్లింది, ఆగింది. ఇప్పుడే సరిచేస్తే, పైకొచ్చి చూసినవాళ్లకి కబురంతా కనబడుతుంది. పైడయ్య అబద్ధాలకోరు అవుతాడు. ఫోను తీసి యార్డు మేనేజరు మోహనకృష్ణను పైకి రమ్మంది.

"నాకు మోకాళ్ల నొప్పులమ్మా, ఫొటో పంపు."

"ఫొటోలో ఏదైనా మార్చెయ్యగలను సార్, నా పనే అది. మీరే వచ్చి సూడండి."

ఆయన రొప్పుతూ వచ్చాడు, చూశాడు. "మిగతాదేదీ?"

"గడిలో పట్టలేదు సార్. ఆ గడి కొలిసింది నాను. తప్పు నాది, బాబాయ్‌ది కాదు."

"మీ ఓనరు ముందు ఈ మాటంటావా?"

"రాసిత్తాను."

పైడయ్యకి వచ్చిన మెమో వెనకవైపే రాసి సంతకం పెట్టింది. అప్పుడు కూర్చుంది పనికి. మాటలు విరిగి కిందికి దిగేలా చేస్తే రెండో వరస వచ్చింది గానీ వత్తులు తెగిపోయాయి, మూడోది గడి కిందే ఉన్న బటన్ వెనక దాక్కుంది.

"తలకాయలొచ్చాయి, కాళ్లేవీ?" అన్నాడు పైడయ్య.

"వత్తాయి బాబాయ్, కంగారు పడకు."

గడి ఎత్తు ముందే బిగించేయడమే జబ్బు అని ఆమెకు తెలిసింది. ముందు వెడల్పు చూసుకో, పట్టినన్ని మాటలు పెట్టి మిగతావి దింపు, ఎంతెత్తయిందో చూసి బటన్ని కిందికి జరుపు, అని గడికి నేర్పింది. వత్తులకీ చోటిచ్చింది. కబురు నాలుగు వరసల్లో నిండుగా నిలబడింది.

మోహనకృష్ణ మెమో మడిచి జేబులో పెట్టుకుని, ఇక విచారణ అక్కర్లేదని, మెమో రద్దు కాగితం మధ్యాహ్నం ఇస్తానన్నాడు. పైడయ్య కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి నాలుగు వరసలూ చదివాడు.

"సార్, మరి మీరు దిగండి," అన్నాడు సీటు ముందుకి జరుపుకుంటూ. "నాకు పనుంది."