మొదటిదా, రెండోదా?

కళ్లజోళ్లాయనకి ఉన్నది ఒకటే జబ్బు. ఏది చూసినా, విన్నా, నోట్లో వేసుకున్నా, దాని పక్కన ఇంకోటి పెట్టి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడగనిదే ఊరుకోరు. పాతికేళ్లుగా దుకాణంలో జనం ముక్కు మీద ఇనప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి అదే ప్రశ్న అడిగిన మనిషి. దుకాణం మూసినా నోటికి ఆ అలవాటు పోలేదు. ఓసారి భార్యకి దగ్గు వస్తే రెండు రకాల మందులు తెచ్చి, చెరో చెంచా పట్టించి, "తొందరపడకు, ఇంకోసారి తాగి చెప్పు" అన్నారు.

అలాంటాయనకి సంగీతం చిక్కింది. యూరప్‌లో మూడొందల ఏళ్ల కిందటి బరోక్ కాలపు రచన ఒకటి తీసుకుని, దాన్ని పియానో మీద వాయించిన రికార్డూ, పియానోకి ముందుతరం వాద్యం హార్ప్సికార్డ్ మీద వాయించిన రికార్డూ జంటగా కొనేవారు. కొత్తలో భార్యనే ఎదురుగా కూర్చోబెట్టారు.

"పియానోలో సుత్తి వచ్చి తీగని కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో చిన్న ముల్లు వచ్చి తీగని మీటుతుంది. ఇప్పుడు చెప్పు. మొదటిదా, రెండోదా?"

"రెండూ ఒకటేనండీ. నే లేస్తా, స్టవ్ మీద పాలున్నాయి."

ఆయన మొహం చిన్నబోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇల్లాలు కూడా హమ్మయ్య అనుకుంది, పై అంతస్తులోకి పియానో టీచరు అద్దెకి దిగేదాకా.

అప్పటినుంచీ ప్రతి గురువారం సాయంత్రం టీచరమ్మ కిందికి రావడం, ముందుగది తలుపు మూసుకోవడం. ఇల్లాలు ఓ రోజు చెల్లెలికి ఫోన్ చేసింది.

"తలుపు మూయడమెందుకే అక్కా?"

"నా గిన్నెల చప్పుడు పడదుట."

"లోపల ఏం చేస్తారు?"

"ఈయన అడుగుతారు, ఆవిడ చెబుతుంది. ఆవిడ చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకుంటారు."

"నీ మాట ఎప్పుడైనా రాసుకున్నారా?"

చెల్లెలు ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ తర్వాతి గురువారం ఇల్లాలు కాఫీ తెచ్చి, బల్ల మీద పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది.

ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. కుళ్లుకుంటూ వినేవాళ్లంత శ్రద్ధగా ఇంకెవరూ వినలేరు. మొదటి రికార్డు తివాచీ మీద నడిచినట్టు సాగింది. రెండోది మొదలవగానే ఎవరో చెవి పక్కనే సన్నటి ఇనప తీగల్ని గోటితో లాగి వదులుతున్నట్టుంది.

"మొదటిదా, రెండోదా?" అన్నారు ఆయన.

"రెండోదండీ," అంది టీచరమ్మ కళ్లు మూసుకుని. "ఎంత మెత్తగా ఉందో!"

ఆయన తలూపి రాసుకున్నారు. టీచరమ్మ మెట్లెక్కిన చప్పుడు ఆగేదాకా ఇల్లాలు ఓపిక పట్టింది.

"మెత్తనట మెత్తన! నా పళ్లు జివ్వుమన్నాయి. ఆవిడకి సంగీతమే రాదు. మీ మెప్పుకోసం నోటికొచ్చింది చెబుతోంది, మీరు తలూపుతున్నారు!"

ఆయన కొయ్యబారిపోయారు. "నీకు తేడా తెలిసిందా?"

"మాట మార్చకండి."

"మొదటిది ఎలా ఉందే?"

"గుండ్రంగా ఉంది. అయినా ఇప్పుడు అది కాదు..."

"గుండ్రంగా!" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నోటుబుక్కు తెరిచి ఆమె ముందు పెట్టారు. ఆ రెండో రికార్డు గురించే టీచరమ్మ పోయినేడు చెప్పింది: చెవిలో సూదులు, ఆపేయండి. ఆర్నెల్ల కిందట: పరవాలేదు. ఇవాళ: మెత్తగా ఉంది.

"సన్నటి శబ్దాలు ఆవిడకి అందడం లేదు. హార్ప్సికార్డ్ పదునంతా వాటిలోనే ఉంది. పియానోకి అంత తేడా పడదు, అందుకే ఆవిడకింకా తెలియలేదు."

"మరి చెప్పరేం?"

"కళ్లజోడు నంబరు పెరిగిందంటేనే వారం రోజులు పాఠాలు మానేసింది. చెవులంటే పియానోనే అమ్మేస్తుంది. చెప్పడానికి రెండు రకాలు రాసుకున్నాను. విను, ఇది బాగుందా..."

"రెండూ బాగాలేవు. నాకు వదిలేయండి."

మర్నాడు పొద్దున్నే ఇల్లాలు పైకి వెళ్లింది. "టీచర్ గారూ, నాకు చెవులు సరిగా వినబడటం లేదు. మా ఆయనతో అంటే ఏ చెవి బాగుందని మొదలెడతారు. చెవి డాక్టరు దగ్గరికి కాస్త తోడొస్తారా?"

"పదండి. దానికింత సిగ్గెందుకు?"

అక్కడికెళ్లాక, "ఎలాగూ వచ్చాం కదా, మీరూ చూపించుకోండి" అంది. లోపలికెళ్లిన టీచరమ్మ చాలాసేపటికి బయటికొచ్చి, బెంచీ మీద కూర్చుంది.

"చెవికి మిషన్ పెట్టుకోవాలట. పిల్లలు చూస్తే?"

"జుట్టు ఇలా ముందుకి దువ్వితే ఎవరికీ కనబడదండీ." అక్కడే దువ్వి చూపించింది. అంత ఒత్తయిన జుట్టని చేతికి తగిలాక గానీ తెలియలేదు. కొంచెం ఒళ్లు మండింది కూడా.

మిషన్ వచ్చిన గురువారం ఆయన హార్ప్సికార్డ్ రికార్డు పెట్టారు. రెండు మీటులు పడ్డాయో లేదో, టీచరమ్మ కుర్చీలోంచి ఎగిరిపడింది.

"అమ్మో! ఆపండి బాబూ, ఇదేం వాద్యమండీ!"

"ఎంత బాగా చెప్పారండీ!" అన్నారు ఆయన. బహుమతి అందుకున్న పిల్లాడిలా మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఇల్లాలికి సంతోషమూ వేసింది, కడుపూ రగిలింది.

తన కుర్చీ తెచ్చి, సరిగ్గా వాళ్లిద్దరి కుర్చీల మధ్య వేసుకుని కూర్చుంది.

"ఊఁ, ఇంకోటి పెట్టండి," అంది.