ఊపిరి కోసం కొన్న కారు

మా ఆవిడకి ఉబ్బసం. మిరపకాయల సీజనులో గుంటూరు బస్సెక్కితే చాలు, మిర్చి యార్డుకి వెళ్లొచ్చే జనం బట్టల్లోంచి ఘాటు లేచి ఆమెకి దగ్గుతెర మొదలయ్యేది. డాక్టరు దగ్గరికి చేరేసరికి మాట కూడా వచ్చేది కాదు. అందుకని రెండు వేల సంవత్సరం దాటాక ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు కొన్నాను. హైస్కూల్లో సైన్సు చెప్పే నాకు అంతకంటే మంచి బుద్ధి ఎప్పుడూ పుట్టలేదు. ఆ తర్వాత నేను చేసింది తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

కారు బాగానే ఉండేది. లాగేది కాదు, అంతే. మిరపకాయ టిక్కీ బస్తాలు నింపుకున్న లారీ ముందుంటే దాటలేక దాని వెనకే ఈడ్చుకుంటూ పోయేవాళ్లం. "మాస్టారి కారుకి మోకాళ్ల నొప్పులు" అని స్టాఫ్‌రూములో ఒకాయన ఎగతాళి చేశాడు. ఆ మాట పట్టుకుని ఆ ఆదివారమే బైపాస్ పక్కనున్న మెకానిక్కు దగ్గరికి పోయాను.

అతను బానెట్టు ఎత్తి చూశాడు. "దీనికి ఊపిరాడట్లేదు మాస్టారూ. ఈ డబ్బాలోంచి గాలేం పోద్ది? కోసేద్దాం!"

ఎయిర్ ఫిల్టరుండే నల్ల డబ్బాని రంపంతో కోశాడు. లోపలి కాగితం ఫిల్టరు తీసి మురిక్కాలవలో పారేశాడు. దాని బదులు టీ వడగట్టే జల్లెడలాంటి ఇనప జాలీ ఒకటి బిగించాడు. గాలి పెరిగింది కాబట్టి డీజిలూ పెరగాలంటూ పంపు మర తిప్పాడు. జాలీలోంచి దుమ్ము పోతుందని నాకు తెలుసు. దుమ్ము పోతే ఇంజను అరుగుతుందనీ తెలుసు. ఇంధనం సరిగా కాలకపోతే మసి వస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. అన్నీ తెలిసీ అతనడిగినంత డబ్బిచ్చాను, ఎందుకంటే ఇంజను హోరెత్తింది. ఆ హోరు నాకెంత నచ్చిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

నెలరోజులు షికారు బాగానే సాగింది. ఎండలు ముదిరేసరికి కళ్లాల దుమ్ము, రోడ్డు దుమ్ము అంతా ఇంజను తాగింది. వెనక నల్లటి పొగ, చండాలమైన కంపు. డిక్కీ తలుపు సందుల్లోంచి ఆ పొగ కారులోకే వచ్చేది. మా ఆవిడ తెల్ల రుమాలుతో ముక్కు తుడుచుకుంటే మసి అంటేది. "ఏమండీ, ఆ పాత డబ్బానే మళ్లీ పెట్టించండి" అని మూడుసార్లు అడిగింది. సెలవుల్లో చేయిస్తానన్నాను. సెలవులూ అయిపోయాయి.

ఇంతలో పొగ సర్టిఫికెట్టు గడువు దాటింది. మా ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ, పెట్రోలు బంకులో పరీక్ష వ్యాను కనపడితే ఆపాను. వ్యానులో ఉన్నవాడు నా పాత విద్యార్థి. నన్ను చూసి చేతులు కట్టుకుని దిగాడు. మసి పేరుకుపోయిన మా కారు గొట్టం కేసి ఒకసారి చూశాడు, చూపు తిప్పేసుకున్నాడు.

"యాక్సిలరేటర్ తొక్కమంటావా?" అన్నాను.

"ఎందుకండీ? మీ బండికి పరీక్షేంటండీ మాస్టారూ! మీరు చెప్పిన చదువుతోనే గదండీ ఇవాళ నేనిక్కడున్నది."

మిషను ముట్టుకోకుండానే కాగితం మీద అంకెలు వేశాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. పైగా వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. దీవించి, కాగితం జేబులో పెట్టుకున్నాను.

కారు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ దిగి నిలబడి ఉంది. "పొగ లేదని రాశాడా?" అంది.

"రాశాడు."

"అయితే నాకెందుకు ఆయాసమొస్తందో అది కూడా ఆ అబ్బాయినే అడగాల్సింది."

అని, అటుగా వస్తున్న గుంటూరు బస్సుకి చెయ్యెత్తింది. యార్డు కూలీలతో కిక్కిరిసిపోయిన బస్సు. ఎవరో జరిగి చోటిచ్చారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎక్కేసింది.

నేను కారు స్టార్టు చేశాను. నా పొగ ఆమెకి తగలకూడదంటే బస్సు వెనకే పోవాలి. గుంటూరు దాకా అలాగే పోయాను.