లల్లా ఫ్రేహా నాన్నగారి పుస్తకం

ఫ్రేహా వస్తున్నదని కబురు అందిన నాటి నుంచి ఇజ్జాకు తిండి సయించడం లేదు.

ఇజ్జా ముసల్మాను. అయినా సెఫ్రూ ఊళ్లోని యూదుల పాతవాడలో వాళ్ల ప్రార్థన మందిరం సినగాగును ముప్పయ్యేళ్లుగా ఊడ్చేదీ, దీపపు గాజులు తుడిచేదీ, వచ్చినవాళ్లకు తలుపు తీసేదీ ఆవిడే. అంతకుముందు ఆ పని వాళ్లమ్మ చేసేది. వాడలో యూదులు ఎవరూ మిగల్లేదు. ఈ వాడలోనే పుట్టి ఇప్పుడు కాసాబ్లాంకాలో ఉండే ఫ్రేహా, ఇజ్జా గౌరవంగా 'లల్లా' అని పిలిచే ఆవిడ, మాత్రం తండ్రి పోయిన రోజుకు ఏటా వచ్చి, కిటికీ గూట్లోని ఆయన ప్రార్థన పుస్తకం తెరిచి, ఆఖరి పుట వేలితో తడుముకునేది. పిల్లల పుట్టినరోజులు ఆయన అక్కడ రాసుకున్నాడు. ఎనిమిది రోజులైనా నిండకుండా పోయిన తమ్ముడికి సమాధిరాయి లేదు. పుట్టాడనడానికి ఆ ఒక్క వరసే గుర్తు. ఈసారి పుస్తకాన్ని వెంట తీసుకుపోతానని చెప్పి పంపింది.

పుస్తకం లేదు. చలికాలంలో కప్పు కారింది. గూట్లోవన్నీ ఇజ్జాయే తీసి బీరువాలో పెట్టింది. బీరువా కూడా తడిసి, పుటలు బూజుపట్టి ముద్దయ్యాయి. దేవుడి పేరున్న కాగితం కుళ్లిపోతుంటే చూడలేకపోయింది. తమ ఖురాను పుటలు శిథిలమైతే ఇంట్లో ఏం చేసేవారో అదే చేసింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, కొత్త కుండలో పెట్టి, ఒక్క ముక్క కింద పడనీయకుండా కాల్చింది. ఆ లిపి తనకు రాదు. కాల్చినవాటిలో ఆయన పుస్తకమూ ఉందని నెల తర్వాత, ఖాళీ గూడు చూసినప్పుడు తట్టింది.

"ఎలుకలు కొట్టేశాయని చెప్పు. అవొచ్చి సాక్ష్యం చెబుతాయా?" అన్నాడు మొగుడు హమ్మూ.

"నీకు నవ్వులాటగా ఉంది."

"ఏడవమంటావా? నెల నుంచి మాడిన రొట్టెలే తింటున్నాను."

చెప్పిన రోజుకు వచ్చిన ఫ్రేహా సినగాగు గుమ్మంలోనే నవ్వింది. "ఏమే, ఇలా చిక్కిపోయావ్? నీ వాటా కూడా హమ్మూయే తింటున్నాడా?"

అంటూనే గూటి దగ్గరికి నడిచింది. చెయ్యి లోపలికి పెట్టి తడిమింది.

"పుస్తకం ఏదే?"

ఎలుకల మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇజ్జా మింగేసింది.

"కాల్చేశాను లల్లా. తడిసి పాడైపోయాయి. మావాళ్లు మా పుస్తకాన్ని సాగనంపినట్టే శుభ్రంగా..."

"కాల్చావా?" ఫ్రేహా గూట్లోంచి చెయ్యి తీసేసింది. "పాడైన పుస్తకాన్ని మేం మట్టిలో పెడతామే, మనిషిని పెట్టినట్టు! ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగావా?"

"అడగలేదు."

"మా పుస్తకాలు తగలబెట్టినవాళ్లంతా మా పగవాళ్లు. నువ్వెవరివే మరి?"

ఫ్రేహా బల్ల మీద కూలబడింది. అడిగింది:

"బూడిద?"

"మా అమ్మ సమాధి పక్కన పాతిపెట్టాను. అంతకంటే మంచి చోటు నాకు తెలీదు లల్లా."

ఫ్రేహా లేచింది. ఇజ్జా చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

"పద, చూపించు. దారిలో నాతో మాట్లాడావంటే ఊరుకోను."

ముసల్మానుల శ్మశానానికి ఫ్రేహా ఎన్నడూ వెళ్లలేదు. ముందు తనే నడిచింది. సందు చీలిన ప్రతిచోటా ఆగి నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగడుగుల వెనకనున్న ఇజ్జా ప్రతిసారీ ముందుకొచ్చి, వేలితో దారి చూపించి, మళ్లీ వెనక్కి తగ్గింది.